సగం దారిలో పొయ్యి

చిన్నప్పుడు మా ఇంట్లో స్నానాలకి నీళ్ళు కాచే పని నాది. కట్టెలన్నీ ఒక్కసారే పొయ్యిలో కుక్కేసి ఆటలకి పోయేవాణ్ణి. పెదనాన్న కంట పడితే అయిపోయినట్టే. "అట్టా కుక్కితే పొగొస్తాది గానీ మంట రాదబ్బయా" అంటూ సగం కట్టెలు బయటికి లాగేసేవాడు. ఆయన బిట్రగుంట లోకోషెడ్డులో, ఇంజను పొయ్యికి బొగ్గు వేసే ఫైర్‌మన్.

నెల్లూరుకీ కావలికీ మధ్య ఉండే ఆ ఊరి జాతకం రాసింది దూరం. మద్రాసు నుంచి బెజవాడ 430 కిలోమీటర్ల చిల్లర. బిట్రగుంట దాదాపు నట్టనడుమ. 1899లో లైను పూర్తయింది కానీ ఆవిరింజను అంత దూరం ఒక్క ఊపున పోలేదు. బొగ్గు తరుగుతుంది, నీళ్ళు అడుగంటుతాయి, పొయ్యి కమ్మీల మీద కిట్టం గడ్డకడుతుంది. రైళ్ళు పోయే ఊళ్ళు ఆ దారిలో బోలెడు. ఇంజన్లు మారే ఊరు గనకే బిట్రగుంటకి షెడ్డు, యార్డు, క్వార్టర్లు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు వచ్చాయి. అర్ధరాత్రి డ్యూటీకి పిలిచే కాల్‌బాయ్ తలుపు తట్టి, డ్యూటీ పుస్తకంలో సంతకం పెట్టించుకుని పోయేవాడు. ఆ తట్టుడుకి ఇల్లంతా లేచేది.

బొగ్గు వెయ్యడం మోటుపని అనుకునేవాణ్ణి. డబ్ల్యూపీ రకం ఆవిరింజను పొయ్యి 46 చదరపు అడుగులు, చిన్న వంటగదంత. ఊగిపోయే ఇంజను మీద నిలబడి, మణికట్టు తిప్పి, పారెడు బొగ్గు మూలలకీ అంచులకీ పల్చగా పరవాలి. నడుమ గుట్ట పోస్తే గాలాడదు. పారకీ పారకీ మధ్య తలుపు మూయకపోతే చల్లగాలి దూరి ఆవిరి పడిపోతుంది. పని ఎలా సాగుతోందో పొగగొట్టమే చెబుతుంది. నల్లపొగ వస్తే బొగ్గు దండగ. అసలు పొగే లేకపోతే మంట పల్చబడ్డట్టు. లేత బూడిదరంగు కనిపిస్తే సరి. సినిమాల్లో రైలు గుప్పుగుప్పున నల్లగా పొగ వదిలితే మేం చప్పట్లు కొట్టేవాళ్ళం, పెదనాన్న మాత్రం "ఎవడ్రా ఆ ఫైర్‌మను" అని విసుక్కునేవాడు.

1980 ప్రాంతానికి ఆ లైను మీద కరెంటు తీగలొచ్చాయి. కరెంటింజనుకి సగం దారిలో పనేముంది? షెడ్డు మూతపడింది, కుటుంబాలు బదిలీల మీద చెదిరిపోయాయి. ఆవిరింజను పోయిందని నేనేం ఏడవను. నెల్లూరు రోహిణి కార్తెలో ఆ కొలిమి ముందు నిలబడ్డవాళ్ళెవరూ ఏడవరు. కానీ ఊరిని నిలబెట్టిన ఆ చేతి ఒడుపు తెలిసినవాళ్ళలో చిన్నవాళ్ళు కూడా ఇప్పుడు వయసు మీదపడ్డవాళ్ళే. కాజీపేటలోనో గుంతకల్లులోనో, మీ ఇంట్లోనో పక్కింట్లోనో అలాంటి పెద్దాయన ఉంటే ఓ సాయంత్రం దగ్గర కూర్చోండి. పార ఎట్లా తిప్పేవారో అడిగి, ఆయన మాటల్లోనే రాసి పెట్టండి.