పటాలు దించండి

సంక్రాంతి దగ్గర పడిందంటే మా పల్నాడు ఇళ్లలో ఒకప్పుడు పటాలన్నీ కిందకు దిగేవి. పిడుగురాళ్ల సున్నం తెచ్చి, నానబెట్టి, కాస్త నీలిమందు కలిపి గోడలకు వెల్ల వేయాలంటే దించక తప్పదు. ఇప్పుడు డబ్బా రంగులొచ్చాయి. ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి ఉంటాయి. వెల్లతోపాటు పటాలు దించడమూ పోయింది. పోయినది చిన్న విషయం కాదని నా నమ్మకం.

దించిన పటాలను మంచం మీద పరిచి తుడిచేటప్పుడే వాటిని నిజంగా చూసేవాళ్లం. సీతారాముల పట్టాభిషేకం, మేనత్త గళ్ల గుడ్డ మీద కుట్టిన చిలకల జంట, చందమామ నుంచి కత్తిరించి అద్దం కట్టించిన వడ్డాది పాపయ్య బొమ్మ. పాపయ్యగారు చీర అంచును ఎంత ఓపికగా దిద్దారో ఒళ్లో పెట్టుకుని చూస్తే తెలిసేది. మేకుకు ఎక్కిన పటాన్ని నెల తిరక్కుండానే కన్ను మరిచిపోతుంది. అందుకే మా అమ్మ ఏదీ పాత మేకుకే తగిలించేది కాదు. "దీన్ని ఈ ఏడు వసారాలో పెట్టి చూద్దాంరా" అనేది. ఆ బొమ్మ ఇంటికి కొత్తగా వచ్చినట్టుండేది.

మన ప్రాంతంలో బొమ్మలు చోటు మారిన పెద్ద కథ నాగార్జునకొండది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయ మునగడం ఖాయమైంది. అంతకు ఏడాది ముందే, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల కాలంలో చెక్కిన సున్నపురాతి పలకలను కొండ మీదికి చేర్చారు. కొన్ని కట్టడాలను అనుపులో మళ్లీ నిలబెట్టారు. స్తూపం చుట్టూ ప్రదక్షిణ చేసే మనిషికి ఒక్కొక్కటిగా ఎదురయ్యేలా చెక్కిన పలకలవి. ఇప్పుడు ద్వీపంగా మారిన ఆ కొండ మీది మ్యూజియంలో మనం ఒకేచోట ఆగి, ఒక్క పలకనే ఎంతసేపైనా చూడొచ్చు. ఆరుబయట తిరిగే ఎండ పోయింది, తీరిగ్గా దగ్గరగా చూసే వీలు వచ్చింది. చోటు మారితే బొమ్మ మనతో మాట్లాడే తీరే మారుతుందని నాకు అక్కడే అర్థమైంది.

ఇంట్లోనూ అంతే. రాతికి పక్కవాటు వెలుగు కావాలి. మాచర్ల దగ్గరి దుర్గి శిల్పుల చేతిపనికి భౌగోళిక గుర్తింపు ఉంది. అక్కడ కొన్న బొమ్మను టీవీ పక్కన అలమరలోకి తోసేస్తే ఉలి గీతలన్నీ చీకట్లో కలిసిపోతాయి. కిటికీకి ఓ పక్కగా పెట్టి, పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూడండి, ముక్కు, పెదవి, నగలు అన్నీ లేచి నిలబడతాయి. కాగితం బొమ్మకు ఇదే ఎండ శత్రువు. రెంటచింతల ఎండల సంగతి తెలిసినవాళ్లం, పడమటి వెలుగు నేరుగా తగిలే గోడకు రంగుల బొమ్మ తగిలించకూడదు. ముందు ఎర్రలు వెలిసిపోతాయి. వానకు చెమ్మ ఊరే గోడా పనికిరాదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. చాలా ఇళ్లలో పటాలు మరీ ఎత్తున ఉంటాయి. ఆ గదిలో జనం కూర్చుంటారా, నిలబడతారా అన్నది చూసి మేకు కొట్టాలి. పాతవాళ్లు పటం పైభాగం ముందుకు వాలేలా తాడుతో కట్టేవారు. అలా కడితే అద్దం మీద వెలుగు మెరవదు, వెనక గాలి ఆడుతుంది, కింద చాప మీద కూర్చున్నవాళ్లకు కూడా బొమ్మ ఎదురుగా ఉంటుంది. ఆ పద్ధతిని మనం ఎందుకు వదిలేశామో నాకు తెలియదు, మళ్లీ పట్టుకోవాలి.

పోయినవాళ్ల ఫొటోల సంగతి వేరు. ఆ గోడ నుంచి వాటిని కదపడానికి పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే బలవంతం చేయొద్దు. మిగతావన్నీ ఒక ఆదివారం దించండి. పిల్లల చేతికి మెత్తని పొడిగుడ్డ ఇవ్వండి. ఏ బొమ్మ ఎక్కడుండాలో వాళ్లనే చెప్పనివ్వండి, వాళ్లు చూపిన చోటే మేకు కొట్టండి.