నల్లగొండ ఫ్లోరోసిస్ పరిశోధన – ఆధారాల సమస్య

నల్లగొండ ఫ్లోరోసిస్‌ను పరిశోధించేవారు సాధారణంగా వైద్యపత్రికలతో ఆరంభిస్తారు. 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ ప్రచురించిన వ్యాసం ఈ జిల్లా వ్యాధిని శాస్త్రలోకం ముందుంచింది. తరువాత నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించింది. అదే ‘నల్గొండ టెక్నిక్’. మొదటిదానిలో ఎముక, రెండవదానిలో నీరు ప్రధానాంశాలు. ఆ నీరు తాగిన మనిషి మాటకు రెండింటిలోనూ చోటు లేదు.

ఈ లోటును కొంత పూరించే ఆధారం ఎన్నికల దస్త్రాలలో ఉంది. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీచేశారు. జలసాధన సమితి నడిపిన నీటి ఉద్యమమే ఇందుకు ప్రధాన కారణం. ఆ అభ్యర్థుల జాబితాను రాజకీయ వింతగా పేర్కొని వదిలివేయడం మన పరిశోధనలోని లోపం. అది ఆరోగ్యచరిత్రకు కూడా మూలాధారమే.

అయితే అందులో ఉన్నవి పేర్లు మాత్రమే. ఎవరు ఏ బావి నీరు తాగారు, ఏ కులానికి ఏ బావి అందింది అన్నవి లేవు. కనుక ఆ పేర్లతో గ్రామాలకు వెళ్లి మౌఖిక కథనాలు సేకరించాలి. ఆనాటి తరం వృద్ధాప్యానికి చేరుతున్నందున ఈ పని వాయిదా వేయదగినది కాదు.