కాలర్ ట్యూన్ మాకు చెప్పని మాట

ఫోన్ కలిసేలోపు అమితాబ్ బచ్చన్ గొంతుతో వచ్చిన సైబర్ మోసాల హెచ్చరిక మీకు గుర్తుండే ఉంటుంది. అర్జెంటుగా కాల్ చేయాలంటే అడ్డొస్తోందని చాలామంది తిట్టుకున్నారు. 2025 జూన్‌లో దాన్ని ఆపేసినప్పుడు కుందలహళ్ళిలో మా ఇంట్లో కూడా హమ్మయ్య అనుకున్నాం. మా అవ్వకు హిందీ రాదు. "ఏమంటాండాడు ఆయప్ప?" అని అడిగితే నేనే తెలుగులో చెప్పేదాన్ని. అయినా మోసపోయింది అవ్వ కాదు, నేను. అందుకే ఆ హెచ్చరికలో ఏది బాగుంది, ఏది లేదు అని రాస్తున్నాను.

ముందు మంచి చెప్పాలి. పోలీసులమనీ జడ్జీలమనీ ఫోన్ చేసి భయపెట్టేవాళ్ళను నమ్మొద్దని అది చెప్పింది. ఇది చాలా అవసరమైన మాట. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో లేనే లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి కూడా మన్ కీ బాత్‌లో ఈ విషయం చెప్పారు. 1930 అనే నంబరు చిన్నపిల్లలకు కూడా తెలిసింది ఈ ప్రచారం వల్లే.

ఇక లోపాలు. మొదటిది, ఆ మాటలన్నీ పెద్దవాళ్ళ కోసం రాసినవి. దొంగ తెలియని నంబరు నుంచి వస్తాడు, పోలీసు వేషంలో వస్తాడు అని మనం అనుకుంటాం. నా దగ్గరికి వాడు నా స్నేహితురాలి పేరుతో, ఆమె ఫోటోతో వచ్చాడు. "డ్రాయింగ్ పోటీలో ఉన్నానే, నాకు ఓటు వెయ్యి. నీకు ఆరు అంకెలు వస్తాయి, అవి పంపు" అని వాట్సాప్‌లో మెసేజ్. నేను పంపేశాను. ఆమె అకౌంట్ అప్పటికే వాడి చేతిలో ఉందని నాకు తెలియదు. ఆ అంకెలతో వాడు నా వాట్సాప్‌ను తన ఫోన్‌లో తెరుచుకున్నాడు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని నాకు తెలుసు. కానీ వాడు ఓటీపీ అనలేదు, ఓటు అన్నాడు. దొంగ ఆ వస్తువు అసలు పేరు పలకడు. ఆ ఎస్ఎంఎస్‌లోనే ఎవరికీ ఇవ్వొద్దని రాసి ఉంది, నేను చదవకుండా అంకెలు మాత్రం చూశాను. ఆ తప్పు నాదే.

రెండో లోపం ఇంకా పెద్దది. ఏం చేయకూడదో చెప్పారు గానీ, చేసేసినవాళ్ళ భయం గురించి ఒక్క మాట లేదు. శనివారం సాయంత్రం ఇది జరిగింది. నాన్న ఫోన్ లాగేసుకుంటారని నేను ఎవరికీ చెప్పలేదు. ఆదివారం వాడు నా పేరుతో మదనపల్లెలో ఉన్న మా మేనత్తను ఫీజుకని 3,000 రూపాయలు అడిగాడు. అత్త టమోటా మండీలో కూలికి పోతుంది. సోమవారం పొద్దున ఫోన్ చేసి, "డబ్బులు చేరినాయా అమ్మీ?" అంది. అప్పుడు ఏడ్చేశాను.

1930కి ఎంత త్వరగా చెబితే అంత మంచిది. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారిపోయేలోపు ఆపడానికి అప్పుడే వీలుంటుంది. మేము చెప్పేసరికి ఒక రోజు దాటిపోయింది. నా అకౌంట్ తిరిగి వచ్చింది, అత్త డబ్బు ఇంకా రాలేదు. శనివారం రాత్రే ఇంట్లో చెప్పి ఉంటే ఆ డబ్బు పోయేదే కాదు. నంబరు నాకు నోటికి వచ్చు, నోరే పెగల్లేదు.

ఇంకొకరి పాస్‌వర్డ్‌నో గుర్తింపునో మోసంతో వాడుకుంటే ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. అంటే చట్టం దృష్టిలో నేరం చేసినవాడు దొంగ. మరి దాక్కున్నది నేనెందుకు?

మా పిల్లల కోసం హెచ్చరిక రాయమంటే నేను ఇలా రాస్తాను. స్నేహితులు మెసేజ్‌లో కోడ్ గానీ డబ్బు గానీ అడిగితే, ఫోన్ చేసి గొంతు విను. వాట్సాప్‌లో రెండంచెల పిన్ పెట్టుకో, అప్పుడు ఆ ఆరు అంకెలు ఒక్కటే దొంగకు చాలవు. పొరపాటున పంపేశావా? ఈ నిమిషమే ఇంట్లో చెప్పు. నిన్ను తిట్టం.

ఈ చివరి మాట మాత్రం పిల్లలు రాస్తే చాలదు, పెద్దలు ఒప్పుకోవాలి. ఆ కాగితం మా క్లాస్ టీచర్ చదివి కింద సంతకం పెట్టారు. నాన్న సంతకం ఇంకా అడగాలి.