మాట ఆగని పరుగు

మొదటి రోజు అందరూ చేసే తప్పే నేనూ చేశాను. కొత్త బూట్లు వేసుకుని, తెల్లవారుజామున ఐదున్నరకు నెక్లెస్ రోడ్డు మీదికి వెళ్లి, ఎవరో తరుముతున్నట్టు పరుగెత్తాను. పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలైన పరుగు మూడో నిమిషం నిండకముందే ముగిసింది. డొక్కలో పోటు, గొంతులో మంట. హుస్సేన్ సాగర్ వైపు తిరిగి నడుం మీద చేతులు వేసుకుని నిలబడితే, అరవై దాటిన ఇద్దరు పెద్దవాళ్లు ఎవరింట్లోదో పెళ్లి ముచ్చట చెప్పుకుంటూ నా పక్కనుంచే పరుగెత్తుకుంటూ పోయారు. కనుచూపు మేర దాటేదాకా చూశాను. వాళ్ల అడుగూ ఆగలేదు, మాటా ఆగలేదు. ఆ మాటే అసలు విద్య అని తెలియడానికి నాకు చాలా వారాలు పట్టింది.

హాఫ్ మారథాన్ అంటే 21.0975 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట నుంచి స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటి దాకా పరుగెత్తిన 42.195 కిలోమీటర్లే తర్వాత మారథాన్‌కు స్థిరమైన కొలత అయింది. అందులో సగం ఇది. 2020లో ఢిల్లీలో మన దేశపు పరుగువీరుడు అవినాశ్ సాబ్లే ఈ దూరాన్ని గంటా 30 సెకన్లలో ముగించాడు. కొత్తగా దిగినవాళ్లకు రెండున్నర గంటలు, మూడు గంటలు పడుతుంది. కొత్తవాళ్లు వచ్చి అడిగే మొదటి ప్రశ్న, ఎంత వేగంగా పరుగెత్తాలని. ఎంత నిదానంగా పరుగెత్తాలని అడిగినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు.

ఆ నిదానాన్ని కొలవడానికి గడియారం అక్కర్లేదు. పరుగెడుతూ పక్క మనిషితో ఒక నిండు వాక్యం చెప్పి చూడండి. "నిన్న అత్తయ్య గోంగూర పచ్చడి పంపింది, కారం కాస్త ఎక్కువైంది కానీ బాగుంది" అని ఒక్క ఊపున అనగలిగితే మీ వేగం సరైనదే. "నిన్న... అత్తయ్య..." అని మధ్యలో ఊపిరి తెగితే ఎక్కువైనట్టు. హాయిగా పాట పాడగలిగితే కొంచెం పెంచొచ్చు. ఒంటరిగా వెళ్లేవాళ్లు ఎక్కాలు చెప్పుకోవచ్చు, నేను పదమూడో ఎక్కం చెప్పుకునేదాన్ని. తొలి వారాల్లో ఈ పరీక్షకు నిలిచే వేగం చురుకైన నడక కంటే కాస్తే ఎక్కువ ఉంటుంది. కిలోమీటరుకు 8 నిమిషాలు పట్టొచ్చు, 9 కూడా పట్టొచ్చు. పట్టనివ్వండి.

ఈ నిదానానికి ఒక వంశం ఉంది. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అనే మనిషి చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. రగ్బీ ఆడేవాడు కాబట్టి ఒంట్లో సత్తువ ఉందనే అనుకున్నాడు. ఒకరోజు ఒక మిత్రుడితో ఐదు మైళ్లు పరుగెత్తి చతికిలపడ్డాడు. ఇప్పుడే ఇలా ఉంటే నలభై ఏడేళ్ల వయసులో నా గతేంటన్న దిగులు ఆయన్ని వదల్లేదు. ఏళ్ల తరబడి తన శరీరం మీదే ప్రయోగాలు చేశాడు. తక్కువ దూరాలు, ఎక్కువ దూరాలు, మరీ ఎక్కువ దూరాలు పరుగెత్తి, ఏ పాళ్లలో ఒళ్లు గట్టిపడుతుందో, ఏ పాళ్లలో కుంగిపోతుందో గమనించాడు. చివరికి తేలిందేమంటే, ఊపిరి అందే వేగంలో చాలా దూరం పరుగెత్తడమే పునాది. కొండ ఎక్కే పరుగు, వేగపు పరుగు దాని మీద కట్టే గోడలు.

ఆ ఊళ్లో ఉన్న కుర్రాళ్లనే ఆయన తయారుచేశాడు. పీటర్ స్నెల్ పరుగెత్తే పోటీ 800 మీటర్లు, రెండు నిమిషాల లోపు పని. అలాంటివాడిని ప్రతి ఆదివారం వైటాకెరె కొండల మీద 22 మైళ్లు, అంటే 35 కిలోమీటర్లు పరుగెత్తించాడు. చూసినవాళ్లకు వెర్రిలా అనిపించింది. 1960 సెప్టెంబర్ 2న రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800 మీటర్ల స్వర్ణం గెలిచాడు. గంట తిరక్కముందే లిడియార్డ్ శిష్యుడే అయిన ముర్రే హాల్‌బర్గ్ 5,000 మీటర్ల స్వర్ణం తెచ్చాడు. వారం తర్వాత మారథాన్‌లో బారీ మగీ కాంస్యం అందుకున్నాడు. ఒక్క ఊరు, ఒక్క గురువు, మూడు పతకాలు. స్నెల్ నిదానం మనకు మెరుపు వేగమే, అది మరిచిపోకూడదు. ఈ విద్యలో కొలత కిలోమీటరు లెక్క కాదు, ఎవరి ఊపిరి వాళ్లకు కొలత.

నాకు ఆ పతకాల కంటే తర్వాత జరిగింది ఎక్కువ నచ్చుతుంది. 1960ల మొదట్లో లిడియార్డ్ మామూలు మనుషుల్ని, నడివయసువాళ్లని, గుండెజబ్బు వచ్చి కోలుకున్నవాళ్లని కూడా పోగుచేసి ఇదే పద్ధతిలో పరుగెత్తించాడు. 1962 చివర్లో అమెరికా నుంచి వచ్చిన కోచ్ బిల్ బవర్‌మన్ వాళ్లతో కలిసి పరుగెత్తి వెనకబడిపోయాడు. డెబ్బై దాటిన ఒక పెద్దాయన జాలిపడి ఆయన కోసం నెమ్మదించాడు. బవర్‌మన్ ఆరెగన్ తిరిగి వెళ్లి తన ఊరి జనానికి అదే నేర్పాడు, 1967లో ఒక గుండె వైద్యుడితో కలిసి 'జాగింగ్' పేరుతో పుస్తకం రాశాడు. ఈరోజు మన పార్కుల్లో వినిపించే జాగింగ్ అన్న మాటకు అంత వ్యాప్తి రావడానికి ఆ పుస్తకం పెద్ద కారణం.

నిదానంలో ఏం జరుగుతుంది? గుండె ఒక్కో దెబ్బకు తోసే రక్తం క్రమంగా పెరుగుతుంది. కండరాల్లో సన్నని రక్తనాళాలు కొత్తగా అల్లుకుంటాయి. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి. ఒంట్లోని కొవ్వును ఇంధనంగా వాడుకోవడం కండరం నేర్చుకుంటుంది. ఇక్కడే ఒక చిక్కుంది. గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే మెరుగుపడతాయి. ఎముకలకు, కండరాన్ని ఎముకకు కట్టే నరాల్లాంటి స్నాయువులకు నెలలు కావాలి. ఐదో వారంలో ఒళ్లు తేలిగ్గా అనిపించి, ఇంకా పరుగెత్తగలను అన్న ఉత్సాహం వస్తుంది. సరిగ్గా అప్పుడే పిక్క ముందు ఎముక నొప్పి మొదలవుతుంది. నాకు అలాగే మొదలై మూడు వారాలు మంచానికి, కుర్చీకి పరిమితం చేసింది. రెండు కాళ్లలో సమంగా ఉండే బరువూ సలుపూ మామూలే. ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించగలిగే నొప్పి, పరుగెత్తేకొద్దీ పెరిగే నొప్పి మాత్రం మామూలు కాదు. ఆ రోజు ఇంటికి తిరిగి వచ్చేయాలి.

మొదట్లో నడకను కలుపుకోవడం చిన్నతనం కాదు. 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తిన జెఫ్ గాలొవే కొత్తవాళ్లకు నేర్పింది ఇదే: ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక, మళ్లీ పరుగు. అలసిపోయాక నడవడం కాదు, అలసట రాకముందే నడవాలి. కిటుకంతా అందులోనే ఉంది. వారాలు గడిచేకొద్దీ పరుగు భాగం మూడు నిమిషాలు, ఐదు నిమిషాలు, పది నిమిషాలు అవుతుంది. హాఫ్ మారథాన్ మొత్తం ఇలాగే పూర్తిచేసేవాళ్లు ఎందరో ఉన్నారు.

ఐదు కిలోమీటర్లు ఆగకుండా నడవగలిగినవాళ్లకు 20 వారాలు సరిపోతాయి. వారానికి నాలుగు రోజులు చాలు. మూడు రోజులు అరగంట నుంచి ముప్పావు గంట, ఆదివారం మాత్రం దూరం. ఆదివారం దూరం 5 కిలోమీటర్లతో మొదలై వారానికి ఒకటి చొప్పున పెరగాలి, ప్రతి నాలుగో వారం తగ్గాలి. ఆ తగ్గే వారాన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. శరీరం కట్టుకునేది ఆ వారంలోనే. 17, 18 కిలోమీటర్లు చేరాక ఆపేయొచ్చు, 21 ముందే పరుగెత్తి చూడాల్సిన పని లేదు. చివరి రెండు వారాలు దూరం బాగా తగ్గించి కాళ్లకు విశ్రాంతినివ్వాలి.

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది, కాబట్టి మన సాధన నడివేసవిలో పడుతుంది. మే నెలలో ఆరున్నరకే ఎండ చురుక్కుమంటుంది. ఐదింటికే రోడ్డెక్కాలి. ఆ చీకట్లో ఆడవాళ్లం ఒంటరిగా వెళ్లడానికి సంకోచిస్తాం, నేనూ సంకోచించాను. హైదరాబాద్ రన్నర్స్ లాంటి సంఘాలు 2007 నుంచీ ఉండటం వల్ల నాలాంటివాళ్లకు తోడు దొరికింది. వేడికి శరీరం అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. అప్పటిదాకా వేగం తగ్గితే తగ్గనివ్వాలి, ఆ రోజుల్లోనూ మాట పరీక్షే దారి చూపిస్తుంది. బయల్దేరేముందు అరటిపండో, పలుచటి రాగిజావో. గంటంపావు దాటే పరుగుకు రెండు ఖర్జూరాలు జేబులో ఉండాలి. దాహం మేరకే తాగాలి. ఉత్త నీళ్లు మరీ ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఉప్పేసిన మజ్జిగ, ఉప్పూ నిమ్మకాయా కలిపిన నీళ్లు మనింట్లో ఎప్పుడూ ఉన్నవే. బీపీ, షుగర్, ఇంట్లో గుండెజబ్బు చరిత్ర ఉన్నవాళ్లు, నలభై దాటినవాళ్లు మొదలుపెట్టేముందు డాక్టర్‌కు చూపించుకోవాలి. పరుగులో గుండెల్లో నొప్పి, కళ్లు తిరగడం వస్తే వెంటనే ఆగిపోవాలి.

బూట్ల గురించి ఎక్కువ చెప్పను. బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండాలి, సాయంత్రం పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొనాలి, పోటీ రోజు కొత్తవి వేసుకోకూడదు.

పోటీ రోజు జనం, డప్పులు, మైకులు కలిసి ఎవరినైనా లాక్కుపోతాయి. మొదటి 5 కిలోమీటర్లు మిమ్మల్ని వందమంది దాటిపోతారు, పోనివ్వండి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చేసి, మాట తెగకుండా చూసుకోండి. 15 కిలోమీటర్ల దాకా పక్కవాళ్లతో మాట్లాడుతూనే ఉండండి. ఆ తర్వాత మాట దానంతటదే ఆగుతుంది, ఆగనివ్వండి. మిగిలిన 6 కిలోమీటర్లకు దాచుకున్న ఊపిరి అప్పుడు ఖర్చుపెట్టాలి. నేను పరుగెత్తిన మొదటి హాఫ్‌లో 16వ కిలోమీటరు దగ్గర మాట్లాడటం మానేశాను. 2 గంటల 51 నిమిషాలకు గీత దాటాను.

ఆగస్టుకు సిద్ధం కావాలంటే ఏప్రిల్ మొదటి వారంలో మొదలుపెట్టండి. తొలి రోజు ఇరవై నిమిషాలు చాలు. వెంట మాట్లాడే మనిషిని ఒకరిని తీసుకెళ్లండి.