కరువు, విశ్వాసం: క్లౌ దొర జీవితగ్రంథంపై ఒక పరిశీలన

ఆంధ్రదేశంలో క్రైస్తవ సేవాచరిత్రను అధ్యయనం చేసేవారు విధిగా చదవవలసిన గ్రంథాలలో ఒంగోలు మిషనరీ జాన్ ఇ. క్లౌ జీవితకథ ఒకటి. 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' అనే పేరుతో అది 1914లో అమెరికాలో వెలువడింది. అప్పటికి క్లౌ మరణించి నాలుగేళ్లయింది. ఆయన చెప్పిన దానిని గ్రంథస్థం చేసినది ఆయన రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. ఈమె అమెరికాలో సామాజిక సువార్త ఉద్యమానికి ప్రముఖ వ్యాఖ్యాత అయిన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు సోదరి. కనుక ఇందులో రెండు స్వరాలు కలిసి ఉన్నవని పాఠకుడు మొదటే గ్రహించాలి. పేరులోని 'సామాజిక' అనే విశేషణం 1878 నాటి ఒంగోలుది కాదు, తర్వాతి తరం అమెరికాది.

గ్రంథానికి కేంద్రఘట్టం 1876-78 నాటి మహాక్షామం. యౌవనంలో భూమి సర్వే పనిలో అనుభవం గడించిన క్లౌ, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకుని, ఆకలితో చస్తున్న వేలమందికి కూలి చూపించారు. కరువు పనులు సాగినంతకాలం బాప్తిస్మాలు నిలిపివేశారు. కూటికోసం మతంలో చేరారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. సహాయధనం అయిపోయిందని చెప్పినా జనం కదలలేదు. తమకు కావలసినది సొమ్ము కాదు, బాప్తిస్మమని కోరారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా.

ఈ వృత్తాంతం నిజాయితీతో చెప్పబడింది. సందేహం వాస్తవాల గురించి కాదు, వాదాన్ని నిలిపిన తీరు గురించి. 'అన్నం కోసమా, ఆత్మ కోసమా?' అన్న ప్రశ్నకు గ్రంథం ఇచ్చే ప్రధాన సమాధానం మిషనరీ పాటించిన సంయమం. బాప్తిస్మాలు ఆపడం, గడువు పెట్టడం, పరీక్షించి చేర్చుకోవడం, ఇవన్నీ ఇచ్చినవాని చిత్తశుద్ధికి రుజువులు. పుచ్చుకున్నవారి విశ్వాసానికి రుజువు వేరేచోట వెదకాలి.

ఆ రుజువు ఈ గ్రంథంలోనే ఉన్నది. కొత్త విశ్వాసులకు క్లౌ విధించిన నియమాలు మూడు: ఆదివారం పనిచేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. చదవడానికి ఇవి చిన్న నియమాలు. మాదిగపల్లెలో మాత్రం ఒక్కొక్కటీ గ్రామవ్యవస్థ మూలాన్ని తాకింది. చచ్చిన గొడ్డును మోసుకుపోవడం, తోలు పదును చేయడం, చెప్పులు, కపిల బానలు కుట్టి ఇవ్వడం, కొలుపులలో డప్పు కొట్టడం మాదిగల విధులు. అందుకు ప్రతిఫలం కళ్లంలో దక్కే మేర. డప్పు మానితే ఊరు కోపిస్తుంది, కోతల కాలంలో ఆదివారం మానితే రైతు కోపిస్తాడు. కూటికోసమే చేరినవారైతే, ఉన్న కూటిని పోగొట్టే నియమాలకు ఎందుకు తలవంచుతారు? ఈ ప్రశ్నను గ్రంథం ముందుకు తెచ్చి నిలపవలసింది. వాదంలో దానికి అగ్రస్థానం దక్కలేదు.

మరొక సంగతి. ఒంగోలు ఉద్యమానికి ఆద్యుడైన యెర్రగుంట్ల పేరయ్య క్లౌను కలవకముందే యోగమార్గంలో గురువులను ఆశ్రయించిన అన్వేషి. ఎమ్మా 1899లోనే 'వైల్ సోయింగ్ శాండల్స్'లో మాదిగల కథలను శ్రద్ధగా సేకరించారు. ఆ పుస్తకంలో మాదిగలు వెదకేవారు. ఈ గ్రంథంలో వారు ఎక్కువగా పొందేవారు. రెండింటినీ కలిపి చదివితే తప్ప చిత్రం పూర్తికాదు.

ఇస్లాం అధ్యయనపరులకు ఈ చర్చ పరాయిది కాదు. జకాత్ పొందదగిన ఎనిమిది తరగతులను చెప్పే తౌబా సూరాలోని 60వ ఆయత్, హృదయాలు దగ్గర చేయవలసిన వారిని కూడా అందులో చేర్చింది. ఇస్లాం బలపడిన తర్వాత ఆ భాగం అక్కరలేదని ఖలీఫా ఉమర్ భావించినట్లు సంప్రదాయం. హనఫీ న్యాయవేత్తలు ఆ అభిప్రాయాన్నే అనుసరించారు. తక్కినవారిలో కొందరు ఆ భాగం నిలిచే ఉన్నదన్నారు. సహాయానికీ విశ్వాసానికీ గల సంబంధాన్ని దాచవలసిన మచ్చగా గాక, విధివిధానాలతో చర్చించవలసిన విషయంగా వారు చూశారు. క్లౌ గ్రంథంలోని ఆత్మరక్షణ ధోరణికి ఇది మంచి పోలిక.

ప్రశ్న కరువుతో ముగియలేదు. 1981 ఫిబ్రవరిలో తమిళనాడులోని మీనాక్షిపురంలో దళితులు ఇస్లాం స్వీకరించినప్పుడు గల్ఫ్ ధనమే కారణమని ఆరోపించారు. కులావమానం గురించి వారు చెప్పిన మాటను విన్నవారు తక్కువ. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ దళితులకూ ముస్లిం దళితులకూ ఆ హోదా లేదు. అంటే గుండ్లకమ్మ ఒడ్డున నిలిచినవారి సంతతి ఆ విశ్వాసానికి నేటికీ మూల్యం చెల్లిస్తూనే ఉన్నది. పేదవాని విశ్వాసాన్ని శంకించేవారు ముందుగా ఈ లెక్క చూడాలి. క్లౌ గ్రంథాన్ని ఆ దృష్టితో చదివితే, రచయితలు నొక్కి చెప్పనిది కూడా అందులో కనబడుతుంది.