శూన్యస్థల నృత్యచిత్రము - కూచిపూడి ప్రమాణము

2020 మార్చి 25 నుండి అమలైన లాక్‌డౌను వలన ప్రదర్శనశాలలు మూతపడగా, పలువురు నర్తకులు డాబాలపైనను, నిర్జనమైన ఆవరణములలోను ఒంటరిగా ఆడి, ఆ యాటను కెమెరాతో చిత్రించి ప్రేక్షకులకు పంపిరి. ఇట్టి నృత్యచిత్రములను స్వతంత్ర కళారూపముగా గణింపవచ్చునా యనునది విచారణీయము. బందరునకును దివిసీమకును చేరువనున్న కూచిపూడి సంప్రదాయము ఇందులకు తగిన గీటురాయి.

ఈ రూపము 2020లో పుట్టినది కాదు. అమెరికాలో మాయా డెరెన్ 1945లో కెమెరా కొఱకే నృత్యమును కూర్చి, కొలది నిమిషముల మూకచిత్రమును నిర్మించెను. అందు టాలీ బీటీ అను నర్తకుడు అడవిలో ఎత్తిన పాదము ఒక గదిలో వాలును. ఆ రెండు తావులను కలుపునది చిత్రపు కూర్పే. తావు మారనిదే ఆ నృత్యము లేదు. కావున అచట స్థలమును నర్తకునకు జంటగా ఎన్నదగును.

ఇక భామాకలాపము. అందును ప్రియుడు ఎదుట లేడు. విరహిణియైన సత్యభామ కృష్ణునకు లేఖ వ్రాయును. అయినను ఆమె శూన్యముతో మాటాడదు. తెరపై జడ వేసి సభను సవాలు చేయును. సూత్రధారుడే మాధవియై ఆమెను ప్రశ్నించును, పరిహాసమాడును, మాట రాబట్టును. అడుగువారుండుటచేతనే ఆ విరహము సభకు తెలియుచున్నది. సత్యభామ పాత్రమున వేదాంతం సత్యనారాయణశర్మ (1935-2012) గడించిన కీర్తిలో మాధవికిని భాగము కలదు.

కెమెరాయే ప్రేక్షకుడు గదా యని కొందఱనవచ్చును. ప్రేక్షకుడు చూచును, మాధవి అడుగును. ఎదుట కదలక నిలిచిన కెమెరా ఖాళీ కుర్చీతో సమానము. దాని ముందు నిర్జనాలయము అందమైన వెనుకతెర మాత్రమే యగును. కెమెరా దగ్గఱకు వచ్చుటయు, తొలగుటయు, కూర్పరి కత్తిరించుటయు మాధవి ప్రశ్నలవలె నర్తకినుండి క్రొత్త అభినయమును రాబట్టవలెను. స్థలము మార్చినను ఆట మారదేని, అది నృత్యమునకు నకలే కాని నృత్యచిత్రము కాదు.

నకలునకును ప్రయోజనము కలదు. దానివలన అడుగులు, హస్తములు భద్రపడును. కాని దానినే ప్రమాణముగా గ్రహించిన విద్యార్థికి అడుగులు లభించును, ఎదుటి పాత్రకు బదులిచ్చు నేర్పు లభింపదు. కూచిపూడికి ప్రాణమైనది ఆ నేర్పే. కావున ఆనాటి చిత్రములను పరిశీలించువారు నకలును, రచనను వేఱుచేసి విలువ కట్టవలసియున్నది.