పట్నం కట్టినవాడి కాగితాలు

కువైట్‌లో వేసవి శుక్రవారాలు చదువుకోవడానికి పుట్టినవి. బయట ఎండకి కాకి కూడా ఎగరదు. ఏసీ రొద తప్ప వేరే చప్పుడుండదు. అలాంటి ఒక శుక్రవారం అలన్ టేలర్ రాసిన 'విలియం కూపర్స్ టౌన్' మొదలుపెట్టి, రాత్రి భోజనం చల్లారిపోయేదాకా లేవలేదు. 1995లో వచ్చిన పుస్తకం. మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి అందుకుంది.

కథానాయకుడు విలియం కూపర్. బండి చక్రాలు చేసుకునే మామూలు మనిషి. 1786లో న్యూయార్క్ రాష్ట్రపు అడవిలో, ఆట్‌సీగో సరస్సు ఒడ్డున భూమి చేజిక్కించుకుని ఊరు కట్టాడు. జడ్జీ అయ్యాడు, కాంగ్రెస్ సభ్యుడయ్యాడు. 1809లో చనిపోయాడు. కొన్నేళ్ళకే ఆస్తి అప్పులకీ దావాలకీ హరించుకుపోయింది. కొడుకు జేమ్స్ ఫెనిమోర్ కూపర్ 1823లో 'ది పయనీర్స్' నవల రాసి, ఆ ఊరిని కాగితం మీద మళ్ళీ కట్టుకున్నాడు.

టేలర్ గొప్పతనం ఏమిటంటే, తండ్రి ఉత్తరాలనూ లెక్కల పుస్తకాలనూ ఒక పక్క, కొడుకు నవలను ఇంకో పక్క పెట్టి చదువుతాడు. నవలలో హుందాగా కనిపించే జడ్జీగారు లెక్కల పుస్తకంలో కంగారు మనిషిగా తేలతాడు. మేం సాఫ్ట్‌వేర్‌లో డాక్యుమెంట్ ఒకటి చెబితే లాగ్ ఇంకొకటి చెప్పడం రోజూ చూస్తాం. టేలర్ లాగ్ చదవడం తెలిసిన చరిత్రకారుడు. అయితే ఆ కాగితాలు ఎంత దండిగా ఉన్నా, ఆ సరస్సు ఒడ్డు అంతకుముందు ఎవరిదో వాళ్ళ గొంతు వాటిలో దొరకదు. ఆ ఇరక్వా జాతుల కథ కోసం టేలర్ 2006లో 'ది డివైడెడ్ గ్రౌండ్' అని వేరే పుస్తకం రాశాడు.

పుస్తకం మూశాక ఒక ప్రశ్న పట్టుకుంది. మన కూపర్ ఎవరు? మా గుంటూరు వైపు వాళ్ళకి జవాబు వెతుక్కోనక్కర్లేదు. సరిగ్గా ఆ కాలంలోనే, 1790ల్లో, వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి కృష్ణ ఒడ్డున, పాత ధరణికోట పక్కన, అమరావతి పట్నం కట్టాడు. 1783 నుంచి 1816లో పోయేవరకు జమీందారు. గుళ్ళు కట్టించాడు, దానాలు చేశాడు, కుంఫిణీ వాళ్ళతో పడీ పడకా నెగ్గుకొచ్చాడు.

మరి ఆయన కాగితాలేవి? కూపర్‌కున్నట్టు ఉత్తరాల పెట్టె ఒకటి మన చేతికి రాలేదు. మనం ఆయన్ని ఇతరుల రాతల్లోనే చూడాలి. అందులో ముఖ్యమైనది మెకంజీ సేకరణ. కాలిన్ మెకంజీ 1797లో అమరావతి వచ్చాడు. కొత్త పట్నానికి ఇటుకల కోసం, రాళ్ళ కోసం జమీందారు మనుషులు దీపాలదిన్నె అనే దిబ్బ తవ్వుతున్నారు. అది బౌద్ధ మహాస్తూపం. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వి ఉంది. శిల్పాల పలకలు కొన్ని శివగంగ చెరువు మెట్లయిపోయాయి. మెకంజీ బృందం గీసిన బొమ్మలే లేకపోతే ఆ స్తూపం రూపు మనకి ఇంత తెలిసేది కాదు. మిగిలిన పలకల్లో చాలా భాగం ఇప్పుడు చెన్నై, లండన్ మ్యూజియాల్లో ఉన్నాయి.

ఆ సేకరణకి మెకంజీ పేరు పెట్టాం గాని, ఊరూరా తిరిగి కరణాల దండకవిలెలు చూసి కైఫియత్తులు రాయించింది కావలి సోదరుల వంటి మనవాళ్ళు. బొర్రయ్య 1803లో పోతే తమ్ముడు లక్ష్మయ్య అందుకున్నాడు. 1821లో మెకంజీ పోయాక ఆ పని నేను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగితే దొరలు అవకాశం ఇవ్వలేదు.

కాగితం కాని కాగితం ఇంకొకటి ఉంది. నాయుడు చెంచుల్ని విందుకి పిలిచి, వచ్చినవాళ్ళని వచ్చినట్టు నరికించాడని, ఆ తర్వాత ఆయన కంచంలో అన్నం పురుగులయిందని, ఆ పాప పరిహారానికే అమరేశ్వరుడి సన్నిధికి చేరాడని మావైపు చెప్పుకుంటారు. నరుకుళ్ళపాడు అనే ఊరిపేరు అందుకే వచ్చిందంటారు. లెక్క ఎంతవరకు నిజమో తేల్చే రాత లేదు. కానీ నాకు తోచేది ఇది: కాగితాలు పుష్కలంగా ఉన్న కూపర్ కథలో పోగొట్టుకున్నవాళ్ళ గొంతు లేదు. కాగితాలు కరువైన నాయుడి కథలో, కట్టుకథ రూపంలోనైనా, అది మిగిలింది. పొగడ్త రాయించుకోవడానికి డబ్బు చాలు. పురుగుల అన్నం కథ ఎవరూ డబ్బిచ్చి చెప్పించరు.

మన జీవితచరిత్రకారులతో నా పేచీ ఇక్కడే. కొందరికి నాయుడు దానకర్ణుడు, కొందరికి స్తూపం పగలగొట్టినవాడు. గుడి కట్టిన చెయ్యీ దిబ్బ తవ్విన చెయ్యీ ఒకటేనని పక్కపక్కన పెట్టి చదివే ఓపిక మనలో తక్కువ. ఆయన దత్తపుత్రులిద్దరి వారసత్వ తగాదా లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. మొదటి దత్తుడు ఉండగా రెండో దత్తత చెల్లదని 1846లో తీర్పొచ్చింది. కూపర్ కొడుకుల గతి గుర్తొస్తుంది. ఆ దావా కాగితాలు లాయర్లు చదివారు గాని, కథకులు చదవలేదు.

నేనున్న చోటికి అహ్మదీ దూరం కాదు. 1940ల చివర్లో కువైట్ ఆయిల్ కంపెనీ ఎడారిలో కట్టిన ఊరది. షేక్ అహ్మద్ పేరు పెట్టారు. ఉత్తరాన పెద్ద అధికారులకి చెట్ల నీడ బంగళాలు, మధ్యలో ఇండియా పాకిస్తాన్ గుమాస్తాలకి ఇళ్ళు, దక్షిణాన అరబ్బు పనివాళ్ళకి. ప్లాను గీసిన ఆర్కిటెక్టు పేరు పుస్తకాల్లో ఉంది. ఇటుక మోసినవాడి పేరు ఉంటే ఏ జీతాల రిజిస్టరులోనో ఉండాలి. ఈ దేశంలో మా కాగితం బతాకా, దాని వెనక అఖామా. గడువు తీరితే అదీ ఉండదు.

2015లో పాత ఊరికి కొంత దూరంలో, అదే పేరుతో, కొత్త రాజధానికి శంకుస్థాపన జరిగింది. రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. ఆ పత్రాలు భద్రంగానే ఉంటాయి. ఆ పొలాల్లో కూలికి పోయినవాళ్ళకి మొదట నెలకు 2,500 రూపాయల పెన్షన్ నిర్ణయించారు. ఆ జాబితా కూడా పత్రాలతో పాటు దాచమని నా మనవి. రెండు వందల ఏళ్ళ తర్వాత ఎవడో మన ఊరి కథ రాయబోతే, వాడు పురుగుల అన్నం కథ మీదే ఆధారపడాల్సిన అవసరం రాకూడదు.